చీమకుర్తి నల్లరాయిపై లేజర్ గీత తెల్లగా ఎందుకు వస్తుంది? పవర్ పెంచితే ఇంకా తెల్లబడుతుందా?

తెల్లబడదు. ఒక హద్దు దాటితే మసకబారుతుంది.

ఆ తెలుపు రంగు కాదు, పైపొర చిట్లిన గుర్తు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణాన్ని (తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు) ఈ నల్లరాయిలోని (దీన్నే గెలాక్సీ రాయి అంటారు) సిలికేట్ ఖనిజాలు పైపైనే పీల్చేస్తాయి. 60 వాట్లను 0.1 మి.మీ. చుక్కలోకి కుదిస్తే చదరపు సెంటీమీటరుకు 7.5 లక్షల వాట్లు దాటుతుంది. రాయి ఆ వేడిని అంత తొందరగా లోపలికి లాగలేదు. పైపొర ఒక్కసారిగా ఉబ్బుతుంది, అందులోనూ రాయిలోని ఖనిజాల్లో ఫెల్డ్‌స్పార్ ఒకలా, పైరాక్సీన్ ఒకలా. దాంతో సన్నని బీటలు పడతాయి, అవి వెలుగును నలుదిక్కులా చెదరగొడతాయి.

తడిగుడ్డతో తుడిస్తే బొమ్మ మసకై, ఆరాక మళ్లీ తేలేది అందుకే: బీటల్లో నీళ్లు నిండితే వెలుగు అంతగా చెదరదు. పని చెడిందని కంగారుపడి రెండోసారి చెక్కించకండి.

పవర్ మితిమీరితే, లేదా లేజర్ యంత్రం తల బాగా నెమ్మదిగా కదిలితే, రాయి కరిగి గాజులా నున్నగా గడ్డకడుతుంది. తెలుపు పోతుంది. గీతలు ఒకదానిమీదొకటి ఎక్కినా అదే గతి, 0.1 మి.మీ. చుక్కకు అంగుళానికి 254 గీతలే హద్దు. ఫొటోకైతే ఇంకాస్త తగ్గించడమే మేలు.

పలకకు అద్దంలాంటి పాలిష్ తప్పనిసరి, లేకుంటే తెలుపు, నలుపు తేడా తెలియదు. ముఖం వచ్చే చోట బంగారు మెరుపులు తక్కువున్న పలక ఏరుకోండి. లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, పొగగొట్టం ఫ్యాను ఆపొద్దు.