సాయంత్రమైతే మాట తెగుతోంది

ప్రశ్న: ఆటోనగర్‌లో మాది విడిభాగాల షాపు. 12 ఐపీ ఫోన్లున్నాయి, అంటే నెట్ మీద నడిచేవి. టేబుల్‌కు ఒకటే కేబుల్: గోడ నుంచి ఫోన్‌కు, ఫోన్ నుంచి కంప్యూటర్‌కు. రాత్రి 7కి ఆన్‌లైన్ బ్యాకప్ మొదలైతే చాలు, మా మాట అవతలివాళ్లకు ముక్కలుముక్కలుగా వినిపిస్తోంది. వాళ్ల మాట మాకు బాగానే ఉంది. ఫోన్లకు వీలాన్ పెడితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సగమే సరిపోతుంది. ముందు ఆ సగం చూద్దాం. వీలాన్ అంటే అవే కేబుళ్ల మీద ఫోన్లకు విడిగా గీసిన నెట్‌వర్క్.

మీ ఫోన్ వెనక రెండు సాకెట్లున్నాయంటే లోపల చిన్న నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లను కలిపే పెట్టె) ఉన్నట్టే. వీలాన్ పెడితే ఫోన్ తన ప్యాకెట్లకు (మాటను ముక్కలు చేసి పంపే డేటా మూటలకు) 4 బైట్ల 802.1క్యూ ట్యాగ్, అంటే చిన్న చీటీ, తగిలిస్తుంది. అందులో 12 బిట్లు వీలాన్ నంబరు, 3 బిట్లు ప్రాధాన్యం: 0 నుంచి 7 దాకా. మాటకు మామూలుగా 5 వేస్తారు. కంప్యూటర్ ప్యాకెట్లు ట్యాగ్ లేకుండా అదే కేబుల్లో పోతాయి.

దీనికి మేనేజ్డ్ స్విచ్ (సెట్టింగులు మార్చగలిగేది) తప్పదు. వీలాన్ నంబర్లు డేటాకు 10, మాటకు 20 అనుకుంటే, ప్రతి ఫోన్ పోర్టులో 10 అన్‌ట్యాగ్డ్, 20 ట్యాగ్డ్. ఎల్‌ఎల్‌డీపీ-మెడ్ (స్విచ్ తన సెట్టింగులను ఫోన్లకు చెప్పే పద్ధతి) ఆన్ చేస్తే ఫోన్లే 20ని తెలుసుకుంటాయి, ఒక్కోదానిలో కొట్టక్కర్లేదు. జనం మరిచిపోయేది స్విచ్‌ల మధ్య అప్‌లింక్. అక్కడ 20 లేకపోతే పై అంతస్తు ఫోన్లు ఒక్కటీ రిజిస్టర్ కావు. 20కి డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రసులు పంచేది) పెట్టకపోతే ఫోన్ ఐపీ కోసం వెతుకుతూ కూర్చుంటుంది. పోర్టులో ట్రస్ట్ (ఫోన్ వేసిన ప్రాధాన్యాన్ని నమ్మమనే సెట్టింగు) పెట్టకపోతే చాలా స్విచ్‌లు ఆ 5ని పట్టించుకోవు. అప్పుడు ట్యాగ్ ఉన్నా మాట బ్యాకప్‌తో పాటు అదే క్యూలో నిలబడుతుంది.

ఇక రెండో సగం. మీ మాట మాత్రమే తెగుతోందంటే ఇరుకు అప్‌లోడ్‌లో ఉంది, స్విచ్‌లో కాదు. లెక్క చూడండి: 1,500 బైట్ల ప్యాకెట్ గిగాబిట్ పోర్టు దాటడానికి 12 మైక్రోసెకన్లు చాలు. 5 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో అదే 2.4 మిల్లీసెకన్లు. రౌటర్లో బ్యాకప్ ప్యాకెట్లు 100 పేరుకుంటే వాటి వెనకున్న మాటకు 240 మిల్లీసెకన్ల ఆలస్యం. ఒకవైపు మొత్తం ఆలస్యం 150 లోపు ఉంటేనే మాట సాఫీగా నడుస్తుంది.

పైగా ఈ ట్యాగ్ రౌటర్ దగ్గరే ఊడిపోతుంది. అందుకే ఫోన్లో డీఎస్‌సీపీ (ఐపీ ప్యాకెట్ లోపలే ఉండే ప్రాధాన్య గుర్తు) 46 పెట్టి, రౌటర్లో ఆ గుర్తున్న ప్యాకెట్లకు మొదటి క్యూ ఇవ్వండి. అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 90 శాతానికి కుదించండి. లేకపోతే క్యూ మీ రౌటర్లో కాక అవతలి మోడెంలో పేరుకుంటుంది, అక్కడ మీరు పెట్టిన ప్రాధాన్యం చెల్లదు. జీ.711లో (మాటను డేటాగా మార్చే ఒక పద్ధతి) 12 మందీ ఒకేసారి మాట్లాడినా పట్టేది సుమారు 1 ఎంబీపీఎస్. నన్నడిగితే మొదట రౌటర్ పని చేయించి, ఆ తర్వాతే స్విచ్‌కు డబ్బు పెట్టండి.

ప్రశ్న: మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ కొట్లో టేబుళ్లు జరిపి ఊడ్చాక నెట్, ఫోన్లు అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. స్విచ్ లైట్లన్నీ ఆగకుండా కొట్టుకుంటున్నాయి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఏదో ఒక ఫోన్ రెండు సాకెట్లనూ గోడకే కలిపి ఉంటారు. పంపిన బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పోయే) ప్యాకెట్లు చుట్టూ తిరిగి మళ్లీ స్విచ్‌లోకే వస్తున్నాయి. స్విచ్ దగ్గర కేబుళ్లు ఒక్కొక్కటే పీకండి. ఏది తీయగానే లైట్లు నెమ్మదిస్తాయో ఆ టేబుల్ దగ్గరకు వెళ్లండి. 'పీసీ' అని రాసున్న సాకెట్ నుంచి గోడకు పోయే వైరు తీసేయండి. స్విచ్‌లో లూప్ ప్రొటెక్షన్ (ఇలాంటి చుట్టును పసిగట్టి ఆపేది) ఉంటే ఆన్ చేయించండి, వచ్చే పండక్కి మళ్లీ ఊడుస్తారు కదా.