టెక్ సందేహాలు: ఫైలు ఉంది, దొరకదు

ప్రశ్న: పొలం పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, ఇన్సూరెన్స్ కాగితాలు అన్నీ స్కాన్ చేసి ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లలో పెట్టాను. తీరా బ్యాంకులో కూర్చున్నాక ఒక్కటీ దొరకదు. ట్యాగులు పెట్టుకోమని మా అబ్బాయి అంటున్నాడు. దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా? (ఖమ్మం జిల్లా నుంచి ఒక పాఠకుడు)

ఉందండీ. ఈ ఫిర్యాదు వారం వారం వస్తూనే ఉంది, అందరి ఇబ్బందీ ఒకటే. ఫోల్డర్ పద్ధతిలో ఫైలు ఒక్కచోటే ఉంటుంది. పాస్‌బుక్ స్కాన్‌ని ‘పొలం’లో పెడతారు, ఆరు నెలలు పోయాక ‘బ్యాంకు లోను’లో వెతుకుతారు. పోనీ రెండుచోట్లా కాపీ పెడదామంటే, కొన్నాళ్లకు ఏది కొత్తదో తెలియదు. అదే ట్యాగులైతే, అంటే ఫైలుకు తగిలించే గుర్తు మాటలైతే, ఒకే ఫైలు పొలం అన్నా వస్తుంది, లోను అన్నా వస్తుంది, నాన్న అన్నా వస్తుంది. ఒక విషయానికి ఎన్నో పార్శ్వాలు ఉంటాయని, వాటిని విడదీసి మళ్లీ కలుపుకోవచ్చని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1933లోనే కోలన్ వర్గీకరణ అనే పుస్తకాలు సర్దే పద్ధతితో గ్రంథాలయాలకు చూపించారు. మెయిల్ విషయంలో ఈ పని 2004లో జీమెయిల్ చేసింది. ఫోల్డర్ల బదులు లేబుళ్లు ఇచ్చి, ఒక ఉత్తరానికి ఎన్ని కావాలంటే అన్ని తగిలించుకోనిచ్చింది.

అయితే ట్యాగులు ఇష్టం వచ్చినట్టు పెడితే మళ్లీ మొదటికే వస్తుంది. ఇవాళ ‘బిల్లు’ అంటారు, వచ్చే నెల ‘బిల్స్’ అంటారు, ఆపై నెల ‘కరెంటు’ అంటారు. తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. ‘పాస్‌బుక్’ అని రాసేటప్పుడు స కింద బ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి పడుతుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. వేయకపోతే అదే మాట ‘పాస్బుక్’ అవుతుంది. మనం రెండింటినీ ఒకేలా చదువుకుంటాం గానీ, చాలా సెర్చ్ బాక్సులకు అవి వేరు వేరు మాటలు. కోట్లమంది రాసే భాషలో ఆ ఒక్క అక్షరాన్ని పట్టించుకోకుండా వెతకడం సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు పెద్ద పని కాదు. చేయరు, ఎందుకంటే తెలుగులో వెతికి చూసేవాళ్లు వాళ్ల ఆఫీసులో లేరు.

అందుకని మీరు పెట్టే ట్యాగులు తక్కువగా ఉండాలి, ఎప్పుడూ ఒకే స్పెల్లింగ్‌తో ఉండాలి. ఎవరిది, ఏ కాగితం, ఏ ఏడాది: ఇంటి కాగితాలకు ఈ మూడూ చాలు. వాడే మాటలన్నీ ఒక నోట్‌లో రాసి ఉంచుకోండి, కొత్త మాట పుట్టించే ముందు ఆ నోట్ చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫొటోలకు, వర్డ్ ఫైళ్లకు ట్యాగ్ రాసే గడి ఉంటుంది, పీడీఎఫ్‌లకు ఉండదు. మన చేతికి వచ్చే సర్టిఫికెట్లేమో ఎక్కువగా పీడీఎఫ్‌లే! కాబట్టి ఆ మూడు మాటలనూ ఫైలు పేరులోనే పెట్టేయండి. ఇంకో లాభం ఏమిటంటే, ఫైలు ఏ ఫోన్‌కి వెళ్లినా పేరు దానితోనే వెళ్తుంది. కొన్ని గ్యాలరీ యాప్‌లు మీరు కష్టపడి పెట్టిన ట్యాగులను ఫొటోలో రాయకుండా తమ డేటాబేస్‌లోనే దాచుకుంటాయి. ఫోన్ మారిస్తే అన్నీ పోతాయి. మనిషి గంటలకొద్దీ కూర్చుని చేసిన పనిని ఇలా తుడిచేసే డిజైన్‌ని నేను అస్సలు క్షమించలేను.

ప్రశ్న: పాత తెలుగు పీడీఎఫ్‌లలో ఒక్క మాట కూడా సెర్చ్‌లో దొరకడం లేదు. ఫోన్ మార్చాలా? (తెనాలి పాఠకురాలు)

అక్కర్లేదమ్మా. అవి యూనికోడ్‌కి (ప్రతి భాష అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతికి) ముందు పద్ధతిలో, అను ఫాంట్ల వంటి వాటితో చేసినవై ఉంటాయి. పైకి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉన్నవి తెలుగు అక్షరాల కోడ్‌లు కావు. స్కాన్ చేసినవైతే అవి వట్టి బొమ్మలే. ఇలాంటి వాటికి పేరులో నాలుగు మాటలు చేర్చుకోవడమే తేలిక దారి.

ప్రశ్న: ఫొటోలు తీసినప్పుడు ఫోన్ తనంతట తానే ఊరి పేరుతో సర్ది పెడుతోంది. చాలా బాగుంది. దీనివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా? (హైదరాబాద్ పాఠకుడు)

ఉంటుంది. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఇదే. మీరు రాసిన ట్యాగ్ మీకు తెలుసు. ఫోన్ రాసిన ట్యాగ్ మీకు కనిపించదు. లొకేషన్ ఆన్‌లో ఉంటే కెమెరా ప్రతి ఫొటోలోనూ తేదీ, సమయం, ఫోన్ మోడల్‌తో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా రాసిపెడుతుంది. ఇంట్లో తీసిన ఫొటో అయితే అది మీ ఇంటి అడ్రసే. 2012 డిసెంబరులో, యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ బెలీజ్ పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్నప్పుడు, వైస్ పత్రిక ఆయన ఫొటో ఒకటి వెబ్‌లో పెట్టింది. అందులో లొకేషన్ అలాగే ఉండిపోయింది. ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్టు లోకమంతటికీ తెలిసిపోయింది.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఈ వివరాలు పోతాయి. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉన్నవున్నట్టు వెళ్తాయి. మెయిల్‌లో పంపినా అంతే. ఇల్లు అద్దెకిస్తామని, పాత బండి అమ్ముతామని తెలియని మనిషికి ఫొటోలు ఇలా పంపేవాళ్లు కొంచెం ఆలోచించాలి. పిల్లల ఫొటోల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కాగితాల సంగతి దీనికంటే ఘోరం. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్‌తో వస్తుంది. అది ప్రతిసారీ కొట్టడం విసుగని పాస్‌వర్డ్ తీసేసి, ‘ఆధార్’ అని పేరు పెట్టి, డౌన్‌లోడ్స్‌లో వదిలేస్తున్నారు. మీరు వెతుక్కోవడానికి ఏ మాట పనికొస్తుందో దొంగకీ అదే మాట పనికొస్తుంది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు బయటపడినప్పుడు, అడిగిన పర్మిషన్ అల్లా ఇచ్చేస్తే కాంటాక్టులు, ఫొటోలు ఎవరి చేతికి వెళ్తాయో చూశాం. అయినా టార్చిలైటు యాప్‌కి కూడా ఫైళ్లన్నీ చూసే పర్మిషన్ ఇచ్చేస్తూనే ఉన్నారు! చాలా ఫైళ్లను ఒకే మూటగా కట్టే మామూలు జిప్ ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టినా లోపలి ఫైళ్ల పేర్లు పైకి కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి ఆధార్, పాన్ నంబర్లు, పిన్‌లు ఎప్పుడూ ఫైలు పేరులో గానీ ట్యాగులో గానీ రాయకండి.

ఇవాళే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. టూర్‌కి వెళ్లినప్పుడు కావాలంటే ఆన్ చేసుకోవచ్చు. పాత ఫొటోలు పంపేటప్పుడు షేర్ స్క్రీన్‌లో లొకేషన్ తీసేసే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే స్క్రీన్‌షాట్ తీసి అదే పంపండి. హోటల్లోనో లాడ్జిలోనో ఆధార్ అడిగితే చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అది ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ (UIDAI) సైట్‌లో ఉచితంగానే వస్తుంది.