ముధోల్ కుక్కల గ్రూపు సంతగా మారిందన్న ప్రశ్నకు సమాధానం

ముధోల్ జాతి ప్రేమికుల కోసం మీరు పెట్టిన టెలిగ్రామ్ గ్రూపులో చర్చ ఆగిపోయి, కుక్కపిల్లల అమ్మకం ప్రకటనలే మిగలడానికి కారణం సభ్యుల నిరాసక్తత కాదు. ఏమీ అడగకుండా అందరినీ చేర్చుకోవడమే.

1. సెట్టింగుల్లో కొత్త సభ్యులకు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేయండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఆమోదించే ముందు "మీ కుక్క వయసెంత, రోజూ ఏం పెడుతున్నారు, ఎక్కడ పరుగెత్తిస్తున్నారు?" అని అడగాలి. పెంచుకునేవారు రాగిసంకటి, మజ్జిగ దగ్గర మొదలుపెట్టి పేజీ నిండా రాస్తారు. అమ్మేవారు ధర చెప్పి ఊరుకుంటారు. ఆ జవాబునే సభ్యుని అనుమతితో పరిచయంగా గ్రూపులో ఉంచితే, తొలి చర్చ దానంతట అదే మొదలవుతుంది.

3. అమ్మకాలను పూర్తిగా నిషేధించడమే మేలని నా అభిప్రాయం. అనుమతించక తప్పదనుకుంటే, 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదైనవారికే, అదీ ఎనిమిది వారాలు నిండిన కుక్కపిల్లలకే పరిమితం చేయండి.

4. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఈ జాతిని కారవాన్ హౌండ్‌గా నమోదు చేస్తుంది కనుక, గ్రూపు పేరులో రెండు పేర్లూ ఉంచండి.