నీస్‌కి సెలవుల్లో జనం అంతగా ఎందుకు ఎగబడతారు?

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌కి బీచ్ కోసమే వెళ్తారనుకుంటే పొరపాటు. ఊరి ముందున్న తీరంలో ఇసుక బదులు నున్నటి గులకరాళ్లే. చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేస్తే అరికాళ్లు అబ్బా అంటాయి. కాకపోతే అల వెనక్కి మళ్లేటప్పుడు ఆ రాళ్లు గలగలా దొర్లే చప్పుడు వినితీరాలి.

అసలు ఆకర్షణ చలికాలపు ఎండ. 18వ శతాబ్దం నుంచే ఇంగ్లండ్ ధనవంతులు చలి తప్పించుకోవడానికి ఇక్కడికి వచ్చేవారు. 1820ల్లో వాళ్ల డబ్బుతో మొదలైన తీరం బాటే నేటి ప్రొమెనాడ్ దెజాంగ్లే, అంటే ‘ఇంగ్లిష్‌వాళ్ల విహారబాట’. ఇప్పుడది సుమారు 7 కిలోమీటర్లు. అక్కడి నీలం కుర్చీల్లో సముద్రం చూస్తూ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ డబ్బు అడగరు. రోడ్డు దాటితే 1913 నాటి నెగ్రెస్కో హోటల్, దాని గులాబీ రంగు గుమ్మటం. హంగూ అక్కడే, జేబుకి చిల్లూ అక్కడే.

చిత్రకారుడు మతీస్ 1917లో వచ్చి, ఇక్కడి ఎండ వెలుగుకి పడిపోయి, చివరికి ఇక్కడే స్థిరపడ్డాడు.

నా ఓటు మాత్రం పాతబస్తీకే. ఇరుకు సందులు, కూర్ సలేయా పూల సంత (సోమవారం పూలకి బదులు పాత సామాన్లు పెడతారు), కట్టెల పొయ్యిలో కాల్చి వేడివేడిగా ఇచ్చే సోకా అనే శనగపిండి అట్టు. పక్కనున్న బుల్లి దేశం మొనాకో చూడాలన్నా రైల్లో అరగంట లోపే.