రెండో డోసుకి డబ్బు ఎలా?

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు, 14 కిలోలు. కవాసాకి జబ్బు అన్నారు. ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు నరంలోకి ఎక్కించాక తగ్గిన జ్వరం రెండో రోజుకి మళ్లీ వచ్చింది. ఇంకో డోసు ఐవీఐజీ గానీ, వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు గానీ ఇవ్వాలంటున్నారు. ఆఫీసు ఇన్సూరెన్స్ 3 లక్షలు దాదాపు అయిపోయింది. ఎఫ్‌డీ తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: డబ్బు కోసం మందు ఒక్క పూట కూడా ఆపకండి, ముందు ఆ మాట. ఈ జబ్బులో గుండెకి రక్తం అందించే నాళాలు వాస్తాయి, మొదటి డోసు పూర్తయి 36 గంటలు దాటినా జ్వరం ఉందంటే ఆ వాపు ఇంకా లొంగలేదనే లెక్క. పది మంది పిల్లల్లో ఒకరిద్దరికి ఇలా అవుతుంది, ఇందులో మీ తప్పేమీ లేదు.

ఐవీఐజీ కిలోకి 2 గ్రాములు, అంటే మీ బాబుకి 28 గ్రాములు, 5 గ్రాముల సీసాలైతే ఆరు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే 140, అంటే 100 మిల్లీగ్రాముల సీసాలు రెండు. ఫార్మసీలో రెండింటి రేటూ రాయించుకోండి, ఇన్‌ఫ్లిక్సిమాబ్‌కి బయోసిమిలర్ (అలాగే పనిచేసే, వేరే కంపెనీ చవక మందు) ఉందేమో అడగండి. ఏది ఇవ్వాలో తేల్చాల్సింది డాక్టరే, కానీ మీ ఇబ్బంది ఆయనకి మొహమాటం లేకుండా చెప్పండి.

ఇవాళే ఆఫీసు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి మీ గ్రూప్ పాలసీలో కార్పొరేట్ బఫర్ (ఉద్యోగులందరి కోసం కలిపి ఉంచే అదనపు కవర్) ఉందా అని అడగండి. చాలామందికి ఇది ఉందనే తెలియదు, ఉంటే లిమిట్ దాటిన ఖర్చు అందులోంచి రావచ్చు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు కవాసాకికి ఈ మందేంటని క్వెరీ వేసే అవకాశం ఉంది, అందుకే ‘ఐవీఐజీకి లొంగని కవాసాకి’ అని, మొదటి డోసు ఏ టైముకి అయిపోయిందో కూడా వేసి డాక్టర్‌తో లెటర్ రాయించండి. మంచం దగ్గర పెట్టే జ్వరం చార్టు ఫోన్‌లో ఫోటో తీసి, ఎకో (గుండె స్కాన్) రిపోర్టుతో కలిపి ఇవ్వండి.

ఇక ఎఫ్‌డీ. తీసేయండి. పోయేది వడ్డీలో కొంత, అంతే, పర్సనల్ లోన్ తీసుకుంటే నెలనెలా ఈఎంఐ మెడకి చుట్టుకుంటుంది. మెచ్యూరిటీ దగ్గరపడి ఉంటే దాన్ని తీయకుండా దాని మీదే ఓవర్‌డ్రాఫ్ట్ (బ్యాంకు అప్పు) అడగండి. అదీ చాలకపోతే పీఎఫ్ అడ్వాన్స్, పిల్లల వైద్యానికి ఇస్తారు, తిరిగి కట్టక్కర్లేదు. ఆ తర్వాతే బంగారం లోన్.

మందు ఎక్కించాక ఒకటి రెండు వారాలకి, మళ్లీ నాలుగు నుంచి ఆరు వారాలకి ఎకో ఉంటుంది, వాటికి కొంత పక్కన పెట్టుకోండి. బిల్లులు మాత్రం పారేయకండి, డిశ్చార్జ్ తర్వాతి ఖర్చులు ఎన్ని రోజుల వరకు ఇస్తారో పాలసీలో చూసి, బఫర్‌లో మిగిలి ఉంటే క్లెయిమ్ వేయండి.