డాబా మీద టెంట్, నోట్లో జర్మన్

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మావారికి మ్యూనిక్‌లో ఉద్యోగం. మే నెలలో పిల్లలిద్దరితో వెళ్తున్నాను. ఏ1 జర్మన్, అంటే మొట్టమొదటి మెట్టు, ఇప్పుడే మొదలుపెట్టాను. వేసవిలో ఆఫీసు కుటుంబాలతో కలిసి క్యాంపింగ్ అంటున్నారు. ఈ కాస్త భాషతో నెగ్గుకురాగలనా?

జవాబు: నిక్షేపంగా వస్తారమ్మా. మాది కృష్ణకు అవతలి ఒడ్డు, విజయవాడ పటమట. మేమూ ఇలాగే నాలుగు ముక్కలతో వచ్చినవాళ్లమే.

జర్మనీలో చెట్లు కనబడ్డాయి కదా అని ఎక్కడపడితే అక్కడ టెంట్ వేయడం మామూలుగా కుదరదు. 'కాంపింగ్‌ప్లాట్స్' అని ఉంటుంది, డబ్బు కట్టి అక్కడే వేసుకోవాలి. రిసెప్షన్‌లో 'హాబెన్ జీ నోఖ్ ఐనెన్ ప్లాట్స్ ఫ్రై?' అనండి, ఇంకా చోటుందా అని. 'మిట్ ష్ట్రోమ్?' అని వాళ్లడిగితే కరెంటు కావాలా అని అర్థం. రైస్ కుక్కర్ పట్టుకెళ్తే 'యా' అనేయండి.

అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు తర్వాత. 34 అంటే 'ఫియర్‌ఉంట్‌డ్రైసిష్', నాలుగూ ముప్ఫై. మొదటి ఏడాది రిసెప్షన్ ఆవిడ మా చోటు నంబరు అలా చెబితే నేను విన్న వరసలోనే 43 అని రాసుకున్నాను. టెంట్ వేసి, చాప పరిచి, గోంగూర అన్నం కలిపేసరికి ఆ చోటు బుక్ చేసుకున్నవాళ్లు కారవాన్‌తో వచ్చి నిలబడ్డారు. ఎంగిలి చేత్తోనే అన్నీ పీకాం. ఇప్పటికీ కాగితం ముందుకు తోసి 'ష్రైబెన్ జీ ఎస్ బిట్టె ఔఫ్' అంటాను, కాస్త రాసివ్వండి అని.

ఆ చివరి 'ఔఫ్' ఉంది చూశారూ, అది క్రియలో ముక్కే. 'విర్ బౌఎన్ డస్ త్సెల్ట్ ఔఫ్' అంటే టెంట్ వేస్తున్నాం. అదే వాక్యం 'అప్' అని ముగిస్తే విప్పేస్తున్నాం. వస్తాడో రాడో మనకూ చివరిదాకా వింటేనే కదా తేలేది! మధ్యలో తలూపకండి.

మా ఆవిడ కథ ఇంకోటి. పక్క టెంటాయన వచ్చి 'హాబెన్ జీ నోఖ్ హేరింగె?' అన్నాడు. హేరింగ్ అంటే చేప అని క్లాసులో చదువుకుంది. 'నైన్, విర్ ఎస్సెన్ కైనెన్ ఫిష్', మేం చేపలు తినం అని తడుముకోకుండా చెప్పేసింది. ఆయన పగలబడి నవ్వి నేల చూపించాడు. టెంట్ తాళ్లు కట్టే మేకు పేరూ హేరింగే.

వెళ్లేలోపు ఒక చిన్న టెంట్ కొని మీ డాబా మీద వేయండి. గుంటూరు ఎండకి పొద్దు వాలాకే సుమా. సిమెంటులో మేకులు దిగవు, తాళ్లు ఇటుకలకు కట్టండి. డస్ త్సెల్ట్, డెర్ ష్లాఫ్‌జాక్, డీ టాషెన్‌లాంపె అంటూ టెంట్, పడుకునే సంచి, టార్చిలైటు పిల్లల చేత అందించుకోండి. ఏ పేరు ముందు డెర్, డీ, డస్‌లలో ఏది వస్తుందో (అవి పదం లింగాన్ని చెప్పే ముక్కలు) పుస్తకంలో బట్టీ పడితే నాకు ఎన్నడూ నిలవలేదు, వస్తువు చేతిలో ఉంటే నిలిచాయి.

చాలాచోట్ల మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా 'మిట్టాగ్స్‌రూఎ', అంటే విశ్రాంతి వేళ. కార్లు లోపలికి రానివ్వరు. పులిహోర డబ్బా డిక్కీలో అడుగున పెట్టకండి, గేటు బయట ఆగాల్సి వస్తే అదే దిక్కు.