రాత్రిపూట కొయోటీల వేటకు 1500 డాలర్లలో రైఫిల్: డబ్బు దేని మీద పెట్టాలి?

టెక్సాస్‌లో మిత్రుడి మేకల ర్యాంచ్‌లో రాత్రిపూట కొయోటీలను (మందల మీద పడే, నక్కలాంటి అడవి జంతువులను) వేటాడడానికి, 1500 డాలర్లు దాటకుండా రైఫిలూ, దాని మీద అమర్చి గురి చూసే స్కోపూ ఎలా సమకూర్చుకోవాలని అడిగారు. శాన్ ఏంజెలో దగ్గర గొర్రెలూ మేకలూ పెంచే ఒక ర్యాంచ్‌కు నేను నాలుగేళ్లుగా ఇదే పని మీద వెళ్తున్నాను. నా సలహా ఏమిటంటే, రైఫిల్ మీద తక్కువ పెట్టి, మిగిలినదంతా చీకట్లో చూసే పరికరాల మీద పెట్టండి. వాటిలో కూడా వెతికే పరికరం వేరుగా, గురి చూసే పరికరం వేరుగా ఉంచుకోండి.

మొదటి ఏడాది నేను ఇందుకు సరిగ్గా వ్యతిరేకంగా చేశాను. ఖరీదైన రైఫిల్ కొని, మిగిలిన కొద్ది డబ్బుతో ఒక్క స్కోప్ మాత్రమే తీసుకున్నాను. దానివల్ల చీకట్లో ఏం కదిలినా చూడడానికి తుపాకీనే అటు తిప్పవలసి వచ్చేది. ఒక రాత్రి కంచె పక్కన నాలుగు కాళ్ల ఆకారం కనిపిస్తే కొయోటీయే అనుకుని తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట తీయబోయాను, ఇంతలో అది పక్కకు తిరిగేసరికి గుబురు తోక, బరువైన తల కనిపించాయి. అది మందకు కాపలాగా యజమాని పెంచుకునే గ్రేట్ పిరనీస్ కుక్క. ఆ రాత్రి ఇక వేటాడబుద్ధి కాలేదు. మర్నాడు నిద్ర లేచిన వెంటనే చేతితో పట్టుకుని చూసే చిన్న థర్మల్ మోనోక్యులర్ (ఒంటికన్ను దుర్భిణి) కోసం వెతకడం మొదలుపెట్టాను. నేను కొన్నది 256 పిక్సెళ్ల వెడల్పున్న సెన్సర్‌ది, దాదాపు 500 డాలర్లు పడింది. అది వేడిని చూస్తుంది కనుక ఏదో జంతువు ఉందని చాలా దూరం నుంచే చెబుతుంది గానీ, అది ఏ జంతువో చెప్పదు. దూడా, కుక్కా, కొయోటీ అందులో తెల్లటి మరకల్లాగే ఉంటాయి. గుర్తుపట్టే పని స్కోపుది.

ఆ స్కోపుగా కంటికి దాదాపు కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతినిచ్చే దీపంతో పనిచేసే డిజిటల్ రకం తీసుకోండి. సైట్‌మార్క్ రెయిత్ లాంటివి 400, 500 డాలర్ల మధ్య దొరికాయి. 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న దీపం ఎక్కువ దూరం వెలుగునిస్తుంది, అయితే ఎదుటివైపు నుంచి చూస్తే దీపం ముఖాన సన్నటి ఎరుపు తెలుస్తుంది. 940 అసలు కనిపించదు, కానీ దూరం తగ్గుతుంది. నేను 850నే వాడతాను. ముందు గడ్డి ఉంటే ఆ కాంతి గడ్డి మీదే పడి తిరిగివచ్చి తెర తెల్లబారిపోతుంది కాబట్టి, నేల మీద పడుకుని కాల్చడం కన్నా 100 డాలర్ల ట్రైపాడ్ మీద ఎత్తుగా నిలబెట్టుకోవడం మేలు. తెర వెలుతురు బాగా తగ్గించుకోండి, లేకపోతే మీ ముఖమే చీకట్లో దీపంలా వెలుగుతుంది.

రైఫిల్ విషయానికి వస్తే, .223 రెమింగ్టన్ అనే తూటా కొలతలో రూగర్ అమెరికన్ గానీ శావేజ్ యాక్సిస్ గానీ చాలు. నాకు 400 డాలర్ల చిల్లరలో వచ్చింది. 55 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటాను 100 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే తగిలేలా స్కోపును సరిచేస్తే, 200 గజాల దగ్గర రెండు మూడు అంగుళాలే దిగుతుంది. చవక డిజిటల్ స్కోపుతో కొయోటీని నిశ్చయంగా గుర్తుపట్టగలిగేది 150 గజాల లోపే గనుక అంతకన్నా శక్తి ఉన్న రైఫిల్ దండగ. తాకగానే చిట్లే వీ-మ్యాక్స్ రకం తూటాలు వాడండి, అయినా వెనుక మట్టిగట్టు లేనిదే కాల్చకండి. జీరో చేసుకోవడం పగలే పూర్తిచేయండి. జంతువుల అరుపులు వినిపించి కొయోటీని రప్పించే ఎలక్ట్రానిక్ కాలర్ యంత్రం తర్వాత కొనుక్కోవచ్చు, కుందేలు అరుపు వినిపించే 20 డాలర్ల నోటి కాల్‌తోనే నేను మొదలుపెట్టాను. కొయోటీ గాలివాటు దిగువకు చుట్టి వస్తుంది, కాబట్టి మీ చూపు అటు ఉండాలి.

టెక్సాస్‌లో కొయోటీలకు వేట కాలమంటూ, సంఖ్యా పరిమితంటూ లేవు, యజమాని అనుమతితో ప్రైవేటు భూమిలో రాత్రిపూట కూడా వేటాడవచ్చు. రాత్రిపూట కాల్పుల చప్పుడుకు పొరుగువారు కంగారుపడతారు కనుక, వెళ్లే ముందు వేట చట్టాలు చూసే స్థానిక అధికారి గేమ్ వార్డెన్‌కు ఫోన్ చేసి చెప్పండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ పూర్తిచేయాలి. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది: హెచ్‌1బీ వంటి వీసా మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటేనే మినహాయింపు, గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. టెక్సాస్ లైసెన్సు ఏటా ఆగస్టు 31న ముగుస్తుంది. మీరు వీసా మీద ఉంటే ఆగస్టు 15 నుంచే కొత్తది అమ్ముతారు కాబట్టి ఆ వారంలోనే తీసుకోండి, తుపాకీ కొనే ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడండి.